లేబర్ మార్కెట్ల మీద పీహెచ్‌డీ చేయాలంటే ఏం చదివుండాలి? రాజకీయ అర్థశాస్త్రం వైపు వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కూలి, ఉద్యోగం, వలస, నిరుద్యోగం లాంటి విషయాల మీద పరిశోధన చేయాలనుకునే తెలుగు విద్యార్థుల నుంచి ఏటా ఇవే సందేహాలు వస్తున్నాయి. ఈ రంగంలో పనిచేస్తున్నదాన్ని కాబట్టి విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి, అందుకని అప్లై చేసే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చదవండి.

## సబ్జెక్టు గురించి

రాజకీయ అర్థశాస్త్రం అంటే ఎకనామిక్సా, పొలిటికల్ సైన్సా?

ఆడం స్మిత్, రికార్డోల కాలంలో ఈ రెండూ ఒకే చదువు. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి విడిపోయాయి. ఇప్పుడు ఆ పేరుతో నడిచే పరిశోధన రకరకాలుగా ఉంది. ఒకచోట మార్క్స్ నుంచి మొదలుపెడతారు. ఇంకోచోట జర్మనీ, స్వీడన్, అమెరికాల్లో యూనియన్లు, యజమానుల సంఘాలు, ప్రభుత్వం ఎలా బేరమాడుకుంటాయో పోలుస్తారు. మరోచోట ఎన్నికలు, ఓటర్లు, విధానాలను గణిత నమూనాలతో చదువుతారు. అందువల్ల యూనివర్సిటీ పేరు చూసి ఆగిపోకండి. ఆ విభాగంలో ఇటీవల ఎలాంటి థీసిస్‌లు వచ్చాయో చూస్తే అక్కడ ఏ దారి నడుస్తుందో పదినిమిషాల్లో తెలిసిపోతుంది.

లేబర్ ఎకనామిక్స్ అని వేరే ఉంది కదా. దానికీ దీనికీ తేడా ఏంటి?

పొద్దున్నే హైదరాబాద్‌లో ఏదైనా కూలీల అడ్డా దగ్గర కాసేపు నిలబడండి. మేస్త్రీ బండి ఆపి నలుగురు కావాలంటాడు. పదిహేను మంది మూగుతారు. పాఠ్యపుస్తకం అక్కడ సప్లయ్, డిమాండ్ చూస్తుంది: మనుషులు ఎక్కువ, పని తక్కువ, కాబట్టి రేటు పడిపోయింది. అది అబద్ధం కాదు. రాజకీయ అర్థశాస్త్రం అక్కడితో ఆగదు. ఎండ ఎక్కేలోపు బండి ఎక్కకపోతే ఇవాళ్టికి కూలి పోయినట్టే అన్న భయం ఒకరికి ఉంది, రేపు వచ్చినా మనుషులు దొరుకుతారన్న ధీమా ఇంకొకరికి ఉంది. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? అదే ఇసుక, అదే తట్ట, ఆడవాళ్లకు మాత్రం కూలి ఎందుకు తక్కువ? ఊళ్లో నీళ్లున్న రెండెకరాల వాడు అడ్డా మీద ఎందుకు కనిపించడు? అడ్వాన్స్ తీసుకున్నవాడు బేరం ఎందుకు ఆడలేడు? భూమి, అప్పు, కులం, చట్టం అన్నీ ఆ ఒక్క రోజు కూలి అంకెలోకి ఎలా వచ్చి చేరతాయన్నదే మా పని.

అలాగని లేబర్ ఎకనామిక్స్‌ని పక్కన పెట్టేయకండి. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం 1992లో కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ రెండుచోట్లా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను సర్వే చేసి, జీతం పెంచినచోట ఉద్యోగాలు తగ్గలేదని 1994లో చూపించారు. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయని అప్పటిదాకా క్లాసుల్లో సూత్రంలా చెప్పేవారు. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఇలాంటి పని చదవనివాళ్లు లేబర్ మార్కెట్ మీద నమ్మకంగా ఏమీ రాయలేరు.

దీనికి మార్క్సిస్టు అయి ఉండాలా?

అక్కర్లేదు. కానీ మార్క్స్‌ని చదవకుండా కుదరదు. ఆయనతోపాటు శ్రమను మామూలు సరుకులా చూడటం ఎందుకు తప్పో చెప్పిన పొలాన్యీ, అందరికీ ఉద్యోగాలు దొరకడం యజమానులకు ఎందుకు రుచించదో 1943లోనే వివరించిన కలెస్కీ, వ్యవసాయంలో ఉన్న మిగులు శ్రమ పరిశ్రమల్లోకి ఎలా కదులుతుందో 1954లో నమూనా కట్టిన ఆర్థర్ లూయిస్, వీళ్లందరూ కావాలి. మన దేశం విషయానికొస్తే కృష్ణా భరద్వాజ్, అమిత్ భాదురి, అశోక్ రుద్ర, జాన్ బ్రెమన్‌ల రచనలు. చదివాక ఒప్పుకోవడం, విభేదించడం మీ ఇష్టం.

## ఇంటర్, డిగ్రీ దశలో

నేను సీఈసీ. ఇంటర్ నుంచి మ్యాథ్స్ లేదు. ఇక దారి మూసుకుపోయినట్టేనా?

లేదు. కానీ మ్యాథ్స్ తప్పించుకుని వెళ్లిపోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎంఏ ఎకనామిక్స్ మొదటి ఏడాదిలో గణితం, స్టాటిస్టిక్స్ పేపర్లు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. వాటికి కావలసింది డిఫరెన్షియేషన్, కొద్దిగా ఇంటిగ్రేషన్, మ్యాట్రిక్స్‌లు, ప్రాబబిలిటీ. ఇవన్నీ 11, 12 తరగతుల ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోనే ఉన్నాయి. డిగ్రీ రెండో ఏడాది నుంచి రోజూ కొంత టైమ్ పెడితే సరిపోతుంది. సాధన పుస్తకం పక్కన పెట్టి వీడియోలు మాత్రమే చూస్తే రాదు, పెన్ను పట్టుకుని చేయాల్సిందే. సోషియాలజీ, హిస్టరీ, డెవలప్‌మెంట్ స్టడీస్ దారిలో వచ్చేవాళ్లకు ఇంత మ్యాథ్స్ అక్కర్లేదు. కానీ ఒక రిగ్రెషన్ టేబుల్‌ని (ఒక అంశం ఇంకోదాన్నిబట్టి ఎంత మారుతుందో లెక్కగట్టిన పట్టిక) చూసి అర్థం చేసుకోగలిగేంత స్టాటిస్టిక్స్ వాళ్లకూ కావాలి.

బీటెక్ చేశాను. ఎకనామిక్స్ ఒక్క పేపరు కూడా చదవలేదు. రావొచ్చా?

రావొచ్చు, చాలామంది వచ్చారు కూడా. ఎంఏ ఎకనామిక్స్‌కి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మీకు మ్యాథ్స్, కోడింగ్ ఇబ్బంది ఉండదు. ఇబ్బంది వచ్చేది చదవడం, రాయడం దగ్గర. వందేళ్ల కిందటి భూమి సెటిల్‌మెంట్ గురించి నలభై పేజీలు చదివి, అందులోని వాదన ఏమిటో ఒక పేజీలో చెప్పగలగాలి. ఆ అలవాటు ఇంజనీరింగ్‌లో ఎవరూ నేర్పరు. అందుకే అప్లై చేసే ముందు ఏడాదిపాటు ఆర్థిక చరిత్ర చదవమని చెబుతాను.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషంటే టెన్షన్. నాలాంటివాళ్లకు అవుతుందా?

అవుతుంది. ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను ఎప్పుడూ రెండు మాటలు చెబుతాను.

ఒకటి, కష్టం నిజమే. సామాజిక శాస్త్రాల్లో పుస్తకాలు, సెమినార్లు, థీసిస్ ఎక్కువగా ఇంగ్లీషులోనే. ఎకనామిక్స్ నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) పేపరు కూడా ఇంగ్లీషు, హిందీల్లోనే ఇస్తారు. మొదటి ఏడాది చదవడానికి పక్కవాళ్లకంటే రెట్టింపు టైమ్ పట్టొచ్చు. రోజూ ఒక వ్యాసం చదివి, దాని సారాంశం పది వాక్యాల్లో ఇంగ్లీషులో రాయండి. వ్యాకరణం తర్వాత సర్దుకుంటుంది.

రెండోది ఎవరూ చెప్పరు. కూలి గురించి ఆలోచించడానికి కావలసిన మాటలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. పాలేరుకి, జీతగాడికి, దినకూలీకి తేడా మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. గుత్తకి ఒప్పుకున్న పని ఎందుకు తొందరగా పూర్తవుతుందో, నాగా పెడితే మేస్త్రీ ఏమంటాడో, బత్తెం కూలిలో భాగమా కాదా అన్న గొడవ ఎందుకొస్తుందో చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూ పెరిగారు. నగరాల్లో పెరిగిన పరిశోధకులు వీటిని నేర్చుకోవడానికి ఫీల్డ్‌లో నెలలు గడుపుతారు. ఇంగ్లీషు కష్టపడి నేర్చుకోవచ్చు. ఇది కూడా చదువే, దీన్ని తక్కువ చేసుకోకండి.

డిగ్రీలో ఉండగానే ఏం చేస్తే మంచిది?

పత్రికల్లో వచ్చే ఉద్యోగాల లెక్కలను అసలు రిపోర్టుతో పోల్చి చూడటం మొదలుపెట్టండి. సెలవుల్లో ఊళ్లో ఒక పది ఇళ్ల వాళ్లు ఏడాది పొడుగునా ఏ నెలలో ఏ పని చేస్తారో రాసిపెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీకి వెళ్లండి.

## పీజీ దశలో

ఎంఏ ఎకనామిక్సే చేయాలా? సోషియాలజీ, సోషల్ వర్క్ చేసినవాళ్లను తీసుకోరా?

ఎకనామిక్స్ విభాగంలో పీహెచ్‌డీ కావాలంటే ఎంఏ ఎకనామిక్స్ ఉంటేనే మేలు, చాలాచోట్ల అడుగుతారు కూడా. లేబర్ స్టడీస్, డెవలప్‌మెంట్ స్టడీస్, సోషియాలజీ కేంద్రాల్లో అయితే తలుపులు ఇంకా విశాలంగా ఉంటాయి. జేఎన్‌యూలో ఎకనామిక్ స్టడీస్ అండ్ ప్లానింగ్ కేంద్రం ఒక దారి. అక్కడే అసంఘటిత రంగం, కార్మిక అధ్యయనాలకు వేరే కేంద్రం ఉంది. మీ ప్రశ్న ఏమిటో దాన్నిబట్టి విభాగం ఎంచుకోండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సంపాదన ఏమైందన్నది ప్రశ్న అయితే ఎకనామిక్స్ సరిపోతుంది. బీడీలు చుట్టే ఇళ్లలో సంపాదించే ఆడవాళ్ల మాట ఎంతవరకు చెల్లుతుందన్నది ప్రశ్న అయితే సోషియాలజీలో మీకు ఎక్కువ తోడు దొరుకుతుంది.

ఈ రంగానికి మంచి పేరున్న చోట్లు ఏవి?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎకనామిక్స్ స్కూల్ మనకు దగ్గర. ఎంఏకి సీయూఈటీ పీజీ (యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. ఇంటర్ అవగానే చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ కూడా అక్కడ ఉంది. జేఎన్‌యూలో రాజకీయ అర్థశాస్త్ర సంప్రదాయం పాతది, బలమైనది. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ని ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ నిలబెట్టారు. కేరళ వలసల సర్వేలు 1998లో మొదలైంది అక్కడే. గల్ఫ్ వలస మీద పనిచేయాలనుకునే కరీంనగర్, నిజామాబాద్ పిల్లలు దాన్ని తప్పక చూడాలి. ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో మేనేజ్‌మెంట్, లేబర్ స్టడీస్‌కి కలిపి ఒక స్కూలే ఉంది. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2018 నుంచి దేశంలో ఉపాధి పరిస్థితి మీద రిపోర్టులు తెస్తోంది. హైదరాబాద్ సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్)లో మన రెండు రాష్ట్రాల మీద దశాబ్దాలుగా జరిగిన పని దొరుకుతుంది. నోయిడాలో ఉన్న జాతీయ కార్మిక సంస్థకు వి.వి. గిరి పేరు పెట్టారు. రాష్ట్రపతి కాకముందు ఆయన రైల్వే కార్మిక నాయకుడు, 1952 నుంచి 1954 దాకా కేంద్ర కార్మిక మంత్రి.

ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, శ్రీవెంకటేశ్వర లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో చదివినవాళ్లకు తక్కువన్న భావన అక్కర్లేదు. ఎంఏ ఎక్కడ చేశారన్నదాని కంటే చివర్లో ఎలాంటి డిసర్టేషన్ రాశారన్నది పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఎక్కువ అక్కరకొస్తుంది.

ఎంఏ లేకుండా నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చట. నిజమేనా?

నిజమే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే అర్హత ఉంది. ఎంఏ ఉన్నవాళ్లకు 55 శాతం చాలు. ఎస్సీ, ఎస్టీ, నాన్‌క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంది. ఎంఫిల్‌ని ఆ నిబంధనలే ఎత్తేశాయి. అర్హత ఉంది కదా అని నేరుగా చేరిపోమని మాత్రం నేను చెప్పను. లేబర్ మీద మంచి ప్రశ్న తయారవడానికి ఎంఏ రెండేళ్ల చదువు చాలా ఉపయోగపడుతుంది.

## నెట్, అడ్మిషన్, డబ్బు

నెట్ తప్పనిసరా? ఏ సబ్జెక్టులో రాయాలి?

2024 జూన్ నుంచి నెట్ ఫలితం మూడు రకాలుగా వస్తోంది: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)తోపాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతోపాటు పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు రకాల వాళ్లకు ప్రవేశాల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి ఏడాదిపాటు చెల్లుతాయి. కొన్ని యూనివర్సిటీలు సొంత ప్రవేశ పరీక్ష కూడా పెడతాయి.

ఎంఏ ఏ సబ్జెక్టులో చేశారో మామూలుగా దాంట్లోనే రాస్తారు. లేబర్ వెల్ఫేర్, ఇండస్ట్రియల్ రిలేషన్స్‌కి విడిగా ఒక పేపరు ఉంది, సోషల్ వర్క్, హెచ్‌ఆర్ నుంచి వచ్చేవాళ్లు దాన్ని చూడొచ్చు. పరీక్ష మూడు గంటలు, రెండు పేపర్లు కలిపి 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు. మహిళలకు, రిజర్వుడు వర్గాలకు ఐదేళ్లు సడలింపు ఉంది.

ఫెలోషిప్‌తో ఇల్లు నడుస్తుందా? ఇంట్లోవాళ్లు ఉద్యోగం చేయమంటున్నారు.

జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కింద 42,000 రూపాయలు. 2023 జనవరి నుంచి ఈ రేట్లే ఉన్నాయి. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం అదనం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఏ ఫెలోషిప్పూ లేనివాళ్లకు నెలకు 8,000 ఇస్తారు. దాంతో ఒక్క మనిషి నగరంలో బతకడమే కష్టం, ఇంటికి పంపడం మాట దేవుడెరుగు.

ఇంకో విషయం లెక్కలో పెట్టుకోండి. ఫెలోషిప్ ప్రతి నెలా ఒకటో తారీఖున పడే జీతం కాదు. నెలల తరబడి ఆగి ఒకేసారి రావడం మామూలే. చేరేముందు కొన్ని నెలల ఖర్చులు చేతిలో ఉంచుకోండి. ఇంటిమీద అప్పు ఉంటే, జేఆర్‌ఎఫ్ వచ్చేదాకా ఆగడం పిరికితనం కాదు.

రీసెర్చ్ ప్రపోజల్ ఎలా ఉండాలి?

"తెలంగాణలో వలస కూలీల సామాజిక, ఆర్థిక పరిస్థితి: ఒక అధ్యయనం" అని పెట్టకండి. అందులో ప్రశ్న లేదు. ఇలా చూడండి: ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తాయి. అదే సమయంలో పాలమూరు నుంచి కూలీలు వేరే రాష్ట్రాలకు వెళ్లేవారు. ఇక్కడ మనుషులుండగా బట్టీ యజమాని అంత దూరం నుంచి అడ్వాన్స్ ఇచ్చి ఎందుకు తెచ్చుకుంటాడు? తక్కువ కూలికి వస్తారనా, భాష రాదు కాబట్టి సీజన్ మధ్యలో వెళ్లిపోలేరనా? అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చినా, వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చినా ఈ అడ్వాన్స్ పద్ధతి ఎలా నిలబడింది? ఇప్పుడిది ప్రశ్న అయింది. జవాబు ఇలా కూడా ఉండొచ్చు, అలా కూడా ఉండొచ్చు అన్నట్టు కనిపిస్తే ప్రపోజల్ సగం పూర్తయినట్టే. మిగతా సగం: ఏ డేటా, ఏ ఊళ్లు, ఇప్పటిదాకా ఎవరేం చెప్పారు, వాళ్లు వదిలేసింది ఏమిటి.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మీ ప్రపోజల్ నుంచే ఎక్కువ అడుగుతారు. దాంతోపాటు నిర్వచనాలు: నిరుద్యోగి అంటే ఎవరు, అసంఘటిత రంగానికీ అసంఘటిత ఉపాధికీ తేడా ఏమిటి, లూయిస్ నమూనా మన దేశంలో ఎక్కడ ఆగింది. 2019, 2020 సంవత్సరాల్లో పార్లమెంటు ఆమోదించిన నాలుగు లేబర్ కోడ్‌లు దేన్ని మార్చాయో చెప్పగలగాలి. ఎంఏ డిసర్టేషన్‌లో మీరు వాడిన ప్రతి అంకె ఎక్కడిదో మీకు తెలియాలి.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి?

పేరున్న ప్రొఫెసర్ కంటే మీ చాప్టర్ చదివి నెలలోపు తిరిగిచ్చే మనిషి మేలు. వాళ్ల దగ్గర ఇప్పుడు చదువుతున్నవాళ్లతో, ముఖ్యంగా ఆడపిల్లలతో మాట్లాడండి. ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు, సొంత పనులు చేయిస్తారా, వాదిస్తే కోపం తెచ్చుకుంటారా అని నేరుగా అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు, ఐదారేళ్ల జీవితం అది.

## పరిశోధన మొదలయ్యాక

కోర్స్‌వర్క్‌లో ఏముంటుంది? ఎంత కాలంలో పూర్తి చేయాలి?

కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులు, పరిశోధన నైతికత, మీ అంశానికి దగ్గరి పేపర్లు. కోర్స్‌వర్క్‌తో కలిపి పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, ఆపైన రీరిజిస్ట్రేషన్‌తో రెండేళ్ల వరకు పొడిగింపు ఉంటుంది. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు. మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. పెళ్లయిందనో, పాప పుట్టిందనో వదిలేయాలనుకునేవాళ్లు ముందు ఈ నిబంధనను ఆఫీసులో చూపించి అడగండి.

పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటా అంటే ఏంటి? అందులో పని చేయడానికి ఏం రావాలి?

కేంద్ర గణాంక శాఖ 2017–18 నుంచి నడుపుతున్న కార్మిక శక్తి సర్వే అది. అంతకుముందు ఐదేళ్లకోసారి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) ఉపాధి సర్వేలు ఉండేవి, చివరిది 2011–12. ఇళ్లవారీ ముడి డేటా ఉచితంగా దొరుకుతుంది. గణాంకాల సాఫ్ట్‌వేర్‌లలో ఆర్ ఉచితం, స్టాటా ఖరీదు, ఏదో ఒకటి చేతికి అలవాటవ్వాలి. వెయిట్లు (సర్వేలోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) వేయకుండా శాతాలు తీయకూడదన్నది మొదటి పాఠం.

రెండో పాఠం నిర్వచనాలు. వీక్లీ స్టేటస్ ప్రకారం గత ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఆ మనిషి ఉపాధి ఉన్నట్టే. యూజువల్ స్టేటస్‌లో ఏడాదిలో ఎక్కువ కాలం ఏం చేశారన్నది చూసి, దానికి 30 రోజులకు తగ్గకుండా చేసిన చిన్న పనిని కూడా కలుపుతారు. అందుకే ఒకే ఏడాదికి రెండు నిరుద్యోగ రేట్లు కనిపిస్తాయి, రెండూ సరైనవే.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పొద్దున బర్రెల దగ్గర శుభ్రం చేసి, పాలు పిండి, వంట చేసి, మధ్యాహ్నం గట్ల మీద గడ్డి కోసుకొచ్చే ఒక ఇల్లాలిని తీసుకోండి. పాడి ఆ ఇంటి పని అనీ, ఆమె అందులో చేయి వేస్తుందనీ సర్వేకి వచ్చిన ఎన్యూమరేటర్ రాస్తే కోడ్ 21 పడుతుంది, ఆమె జీతం లేని కుటుంబ సహాయకురాలు, శ్రామికురాలు. ఇంటిపని చూసుకుంటూ గడ్డి, కట్టెలు తెస్తుందని రాస్తే కోడ్ 93, అప్పుడామె కార్మిక శక్తిలోనే లేదు. మనిషి మారలేదు, పని మారలేదు. ఎన్యూమరేటర్ ప్రశ్న ఎలా వేశాడు, అరుగు మీద కూర్చుని జవాబు చెప్పింది ఆమేనా, ఆమె భర్తా అన్నదాన్నిబట్టి ఒక శ్రామికురాలు లెక్కలోకి రావొచ్చు, రాకపోవచ్చు. "మహిళలు పనిలోంచి తప్పుకుంటున్నారు", "మహిళల ఉపాధి పెరిగింది" అన్న రెండు రకాల హెడ్డింగుల వెనకా ఈ కోడ్‌లు ఉంటాయి. ఏ అంకె చూసినా ముందు ప్రశ్నాపత్రం తెరిచి చూసే అలవాటు చేసుకోండి.

అంత డేటా ఉండగా ఫీల్డ్‌వర్క్ ఎందుకు?

సర్వే ఫారంలో లేని ఒప్పందాలు ఊళ్లో ఉంటాయి కాబట్టి. వరినాట్లకు వెళ్లే ఆడవాళ్లను "రోజు కూలి ఎంతమ్మా?" అని అడిగితే ఏదో ఒక అంకె చెబుతారు. కానీ చాలాచోట్ల నాట్లు గుత్తకు మాట్లాడుకుంటారు. ఎకరానికి ఇంత అని ముఠా పెద్ద ఒప్పుకుంటుంది, ఎంతమంది వస్తే అంతమంది పంచుకుంటారు, ఆటో కిరాయి ఒక్కోసారి రైతుది, ఒక్కోసారి వీళ్లది. పక్క ఊరికి వెళ్తే ఇంకో లెక్క. ఎన్ని గంటలు వంగి నాటారు, ఎంతమంది, కిరాయి పోను ఎంత మిగిలింది అని అడిగితేగానీ అసలు కూలి బయటికి రాదు.

మన దగ్గర దీనికి మంచి వారసత్వం ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాల్లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరాన్ని అధ్యయనం చేశారు. మూడు దశాబ్దాల తర్వాత పరిశోధకులు మళ్లీ ఆ ఊరికి వెళ్లి, భూమి, కూలి ఎలా మారాయో చూశారు. 

ఫీల్డ్‌లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మేస్త్రీ పక్కనుండగా కూలీని కూలి గురించి అడగొద్దు. నిజం చెప్పలేరు, చెబితే రేపు పని పోతుంది. పని గంటల్లో ఆపి మాట్లాడించొద్దు, వాళ్ల సమయానికి డబ్బు ఉంది. పేర్లు, ఫోన్ నంబర్లు నోట్సులో కలిపి రాయొద్దు, వేరే చోట పెట్టి తాళం వేయండి. వయసులో పెద్దవాళ్లను అమ్మా, పెద్దయ్యా అని పిలవండి, కింద కూర్చుంటే మీరూ కింద కూర్చోండి. మీ చేతుల్లో లేని సాయం ఇప్పిస్తామని మాట ఇవ్వకండి. పింఛను రాలేదని, జాబ్ కార్డు లేదని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. దరఖాస్తు రాసిపెట్టగలిగితే రాసిపెట్టండి.

పేపర్లు ఎక్కడ పంపాలి? డబ్బు కడితే వారంలో వేస్తామంటున్నారు.

వాళ్ల జోలికి వెళ్లకండి, ఆ పేపరు జీవితాంతం మీ బయోడేటాలో మచ్చగా ఉంటుంది. యూజీసీ 2022 నిబంధనల్లో పేపరు తప్పనిసరి అన్న షరతు లేదు, మీ యూనివర్సిటీకి సొంత షరతు ఉందేమో కనుక్కోండి. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ, ఇండియన్ జర్నల్ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్ లాంటివి ఆలస్యమైనా విలువైనవి.

## విదేశాలకు వెళ్లాలనుకుంటే

బయట ఈ సబ్జెక్టు ఎక్కడ బాగుంటుంది?

అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హెర్స్ట్, న్యూయార్క్ న్యూ స్కూల్ ఎకనామిక్స్ విభాగాలు ఈ సంప్రదాయానికి పేరున్నవి. లండన్‌లో సోయాస్ యూనివర్సిటీ ఉంది, కింగ్స్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రానికి విడిగా విభాగమే ఉంది. జర్మనీలో కొలోన్ నగరంలోని మాక్స్ ప్లాంక్ సమాజ అధ్యయన సంస్థ యూరప్ దేశాల కార్మిక వ్యవస్థలను పోల్చి చదవడానికి గొప్ప చోటు. జర్మనీలో చాలా పీహెచ్‌డీలు జీతమిచ్చే ఉద్యోగాల్లా ఉంటాయి, ప్రకటన చూసి అప్లై చేయాలి.

నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నాకు వస్తుందా?

ఎస్సీ విద్యార్థులకు, సంచార తెగలు, భూమిలేని వ్యవసాయ కూలీల కుటుంబాల పిల్లలకు కేంద్రం ఇచ్చే సాయం అది, పీహెచ్‌డీకి కూడా వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. ఒక పెద్ద ఇబ్బంది ఉంది. 2022లో మార్చిన నిబంధనల్లో భారతదేశ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనలకు ఈ స్కాలర్‌షిప్ లేదన్నారు. వ్యవసాయ కూలీ కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ మన వ్యవసాయ కూలీల మీద విదేశంలో పరిశోధన చేస్తానంటే డబ్బు లేదని చెప్పడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అంశం ఖాయం చేసుకునే ముందే ఆ ఏడాది నిబంధనలు చూడండి.

## పూర్తయ్యాక

పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం ఎక్కడ?

ఎక్కువమంది చూసేది అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు. 2023 జులై నుంచి దానికి కనీస అర్హత నెట్, లేదా రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలైన సెట్, స్లెట్. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు పోటీలో మేలు ఉంటుంది కానీ రాష్ట్ర యూనివర్సిటీల్లో భర్తీలు ఏళ్ల తరబడి ఆగుతున్నాయి, గెస్ట్, కాంట్రాక్టు లెక్చరర్లుగా చాలామంది నలిగిపోతున్నారు. ఇది తెలిసే రండి. పరిశోధనా సంస్థలు, ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) లాంటి అంతర్జాతీయ సంస్థలు, కార్మిక సంఘాల పరిశోధన విభాగాలు, డేటా జర్నలిజం, వలస కార్మికులతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు మిగతా దారులు. పీఎల్‌ఎఫ్‌ఎస్ ముడి డేటాని సొంతంగా నడపగలిగినవాళ్లకు ఈ దారుల్లో పని తొందరగా దొరుకుతుంది.

నా పరిశోధన తెలుగులో రాస్తే లెక్కలోకి వస్తుందా?

ప్రమోషన్ పాయింట్లకు పెద్దగా రాదు. అయినా రాయండి. థీసిస్ కోసం గంటల తరబడి కూర్చుని తమ కష్టం చెప్పినవాళ్లు ఇంగ్లీషు జర్నల్ చదవరు. ప్రతి చాప్టర్ పూర్తయ్యాక దాని సారం తెలుగులో నాలుగు పేజీలు రాసి, ఆ ఊళ్లో చదివి వినిపించండి. ఎక్కడ పొరపడ్డారో వాళ్లే చెబుతారు, దాన్ని సవరించుకుని థీసిస్‌లో పెట్టొచ్చు.